మిర్యాము వచ్చేదాకా

జయరావు బొటనవేలికి అంటిన సిరా ఆరు రోజులైనా పూర్తిగా వదల్లేదు. సబ్బుతో తోమాడు, బూడిదతో తోమాడు, కిరసనాయిలు గుడ్డతో కూడా తుడిచాడు. గోరు చుట్టూ ఊదారంగు గీత ఇంకా మిగిలే ఉంది. పొద్దున్నే ఆ వేలితో చద్దన్నం కలుపుకుంటుంటే, గడప అవతల వసారాలో కూర్చున్న కోడలు రెబ్కా ఆ వేలి వంకే చూస్తోంది.

"తిననిస్తావా, తిననివ్వవా?" అన్నాడు జయరావు తలెత్తకుండా.

"నేనేమన్నా మామా? చూస్తన్నానంతే."

"ఆ చూపే వద్దంటన్నా."

"సరేలే, అటు తిరిగి కూచుంటా" అంది గాని తిరగలేదు.

పోయిన ఆదివారం సాయంత్రం సంఘ పెద్దలు ఐదుగురూ గుడిలో కూర్చుని ఒక కాగితం రాశారు. ఆరు నెలలపాటు రెబ్కాకి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం లేవు, గుడిలో ఆడవాళ్ళ చాప మీద చోటు లేదు. నలుగురు సంతకాలు పెట్టారు. చదువు రాని జయరావు వేలిముద్ర వేశాడు. కన్నకూతురికన్నా ఎక్కువని పదిమందిలో చెప్పుకున్న కోడలి మీద వేశాడు.

పాస్టరు సువర్ణరాజు ఆ కాగితం చదివి, "మోషే మీద నోరు పారేసుకున్న అతని సొంత అక్క మిర్యామును దేవుడు గుడారాల పాళెం వెలుపల పెట్టించాడు. అరణ్యంలో సణిగినవాళ్ళ గతి ఏమైందో మీ అందరికీ తెలుసు" అన్నాడు. రెబ్కా ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకుంది. ఇంటికొచ్చి చాపా దుప్పటీ చంకన పెట్టుకుని వసారాలో చేరింది. అప్పట్నుంచి గడప లోపల కాలు పెట్టలేదు. అత్త దీనమ్మ పళ్ళెం గడప మీంచి అందిస్తుంది, ఆమె అందుకుంటుంది. నిజానికి ఇల్లు వదిలిపొమ్మని ఎవరూ అనలేదు. కానీ పాళెం వెలుపల అన్నాక సగం లోపలా సగం బయటా ఉండటం రెబ్కాకి చేతకాదు.

"మిర్యాము ఏడు రోజులుంది. నేనూ ఏడు రోజులుంటా. ఎనిమిదో రోజు ఎవరాపుతారో చూస్తా" అని మొదటి రోజే వీధి మొత్తానికీ వినపడేట్టు చెప్పింది. రేపు సాయంత్రానికి ఏడూ నిండుతాయి.

ఇంతా చేసి ఆమె నేరం ఒక్క మాట. రెబ్కా మిరపకాయ కోతల ముఠాకి మేస్త్రి. ఏటా ఈ రోజుల్లో పొదిలి చుట్టుపక్కల చేలు బీడు పడి ఉంటాయి. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు ఆమె మాట మీద వంట సామానూ పట్టాలూ కట్టుకుని గుంటూరు వైపు బయల్దేరతారు, ఆమె చెప్పిన గట్టున గుడారాలు వేస్తారు, ఆమె చెప్పినప్పుడు పీకుతారు. ఆ ముఠాని ఈ శనివారం సత్తెనపల్లి దగ్గర రామకాంత్ గారి తోటకి పంపుతున్నామని పాస్టరు గుడిలో ప్రకటించాడు. "దేవుడు దారి చూపించాడు, మేఘం లేచింది" అని కూడా అన్నాడు. మోషే వెంట నడిచిన జనం దేవుడి గుడారం మీద మేఘం లేస్తేనే కదిలేవాళ్ళని వాక్యం. రెబ్కాని మాట మాత్రం అడగలేదు.

పోయినేడు ఆ తోటలోనే పురుగుమందు కొట్టిన మర్నాడు వీళ్ళని కోతకి దించారు. దీనమ్మ సాలు మధ్యలో కూలిపోయింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆమె ఎడమ కన్ను ఇప్పటికీ మసకే. గుడి పైకప్పుకి రేకులు వేయించిన ఆసామి గనక ఆ సంగతి ఎవరూ పైకెత్తలేదు. రెబ్కా చాప మీంచి లేచి నిలబడి, "మేఘం గుడారం మీంచి లేచిందా అయ్యగారూ, మీ ఫోన్లోంచి లేచిందా?" అని అడిగింది.

వెనక వరసలో ఎవరో నవ్వారు. కొంప ముంచింది ఆ నవ్వే.

* * *

చద్దన్నం పళ్ళెం ఇంకా లేవకముందే ప్రసన్నకుమార్ బండి దిగాడు. రెబ్కా మొగుడు. ముఠాలో కాటా చూసేది అతనే, ఆదివారం గుడిలో డోలక్ వాయించేదీ అతనే. అందువల్ల ఈ వారమంతా ఏ చేత్తో ఏం చెయ్యాలో తెలియక తిరుగుతున్నాడు.

"మినీ లారీ పొదిలిలో బయల్దేరిందంట. అయ్యగారు అందరి నుదుటా రాసే నూనె సీసా తీసుకుని ప్రార్థనకి వస్తన్నారు" అన్నాడు.

"రానీ."

"ఆయనొచ్చినప్పుడు ఒక్క మాట అనేస్తే పోద్ది. 'తప్పయింది' అను. నోరు అరిగిపోద్దా?"

"మీ అమ్మ కన్ను పాడైన నాడు ఈ మాటన్నావా ఆయనతో? తప్పు చెప్పించమని?"

ప్రసన్నకుమార్ బండి తాళంచెవి వైపు చూసుకున్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఇలాంటి చోట్ల అతని దగ్గర జవాబు ఉండదు. రెబ్కాకి ఆ సంగతి తెలుసు, అయినా అడక్కుండా ఉండలేదు.

"ఇట్రా, కూచో" అంది గొంతు తగ్గించి. "పర్చూరు దగ్గర జయదేవ్ గారని ఉన్నాడు. నిన్న మాట్లాడా. మందు కొట్టాక వారం దాకా మనిషిని దించడంట, అడిగితే డబ్బా కూడా చూపిస్తానన్నాడు. సోమవారం పొద్దున్నకల్లా ముఠా దిగాలన్నాడు, లేకపోతే వేరేవాళ్ళని పిలుచుకుంటాడంట. వచ్చే లారీ ఎట్టాగూ వస్తంది. నేను ముందు సీట్లో కూచుంటా. సత్తెనపల్లి పోవాల్సింది పర్చూరు పోద్ది. అయ్యగారు నూనె రాసి పంపిస్తాడు, నేను తిప్పుకుపోతా."

"మరి నీ ఏడు రోజులు?"

"ఆరైతే ఏమైంది? ఇవాళ లారీ వెళ్ళిపోతే ఆడోళ్ళందరూ ఆయన భయానికి ఎక్కి ఆ విషంలోకే పోతారు. అప్పుడు నా ఏడో రోజు ఎవరికి కావాలి?"

అనేసి చాప చుట్టడం మొదలుపెట్టింది.

"ఆ పర్చూరాయనకి ఫోను నువ్వే చేశావా?"

అడిగింది దీనమ్మ. గడప లోపల నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో. ఆ ఇంట్లో దీనమ్మ గొంతు వినపడటం అరుదు. మొగుడు మాట్లాడతాడు, కోడలు మాట్లాడుద్ది, ఆ ఇద్దరి మధ్యా ఆమెకి సందు దొరకదు.

"నేనే చేశా అత్తా."

"దేవుణ్ణి అడిగావా?"

"నువ్వు కూడా మొదలుపెట్టకు. నీ కన్ను గురించే గదా నేనిట్టా బయట పడుంది."

"నా కన్ను గురించే. కాదన్లా." దీనమ్మ తలుపు పట్టుకుంది. "ఫోను చూసుకుని బయల్దేరమన్నాడని గదా ఆయన్ని నిలదీశావ్? ఇయ్యాళ నువ్వూ ఫోను చూసుకునే బయల్దేరతన్నావ్. ఆయనకీ నీకూ తేడా ఏంది?"

రెబ్కా చేతిలో చాప సగం చుట్ట దగ్గర ఆగిపోయింది. ఒళ్ళు మండింది. ఇంకెవరన్నా ఈ మాటంటే ఇల్లు పీకి పందిరేసేది. అత్త అనేసరికి, అందులోనూ నిజం గనక, మింగుడు పడలేదు, కక్కుదామన్నా రాలేదు.

"అయితే లోబడమంటావ్. ఆ కాగితానికి" అంది చివరికి.

"కాగితానికెవరు లోబడమన్నారు? కొండెక్కి దేశాన్ని తీసుకోండ్రా అని దేవుడంటే ఆ అరణ్యంలో జనం కూచుని ఏడ్చారు. ఇంక వద్దులెమ్మన్నాక పొద్దున్నే లేచి ఎక్కారు. తన్నులు తిని దిగారు. ఆ ఎక్కినోళ్ళకి ధైర్యం లేకనా? బోలెడుంది. చెప్పింది వినలా, అంతే." దీనమ్మ ఊపిరి తీసుకుంది. ఇన్ని మాటలు ఒక్కసారి అనడం ఆమెకి అలవాటు లేదు. "మేఘం లేస్తే లెగిసి నడవటం ఎవరైనా చేస్తారు. అది ఆగినచోట ఆగాలి చూడు, అది కష్టం. ఒకచోట రెండ్రోజులు ఆగిందంట. ఒకచోట ఏడాది ఆగిందంట. ఆగారు. ఏడు రోజులని నువ్వే పట్టుకున్నావ్. పట్టుకున్నదాన్ని ఆరో రోజు వదలబాక."

"లారీ వస్తే?"

"వస్తే వచ్చుద్ది."

దీనమ్మ కొంగు నెత్తిన వేసుకుని, వసారాలోంచి కోడలి పక్కనుంచే నడిచి వీధిలోకి వెళ్ళిపోయింది. ఎక్కడికని అడిగే ఓపిక రెబ్కాకి లేకపోయింది. చుట్టిన చాపని కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత మళ్ళీ పరిచింది, విసురుగా.

* * *

"మీ అత్త చెప్పింది నిజమే" అన్నాడు జయరావు లోపల చెయ్యి కడుక్కుంటూ. "మనిషి లోబడాలి. నేనిన్నేళ్ళూ వాక్యానికి లోబడే బతికా."

"వాక్యానికా, అయ్యగారికా?"

"ఆ నోటితోనే గదా ఇంతదాకా తెచ్చుకున్నావ్. మిర్యాము కత నాకు చెప్పబాక. పాత ఉపదేశి గారి నోట చిన్నప్పట్నుంచీ విన్నా. మోషేని అన్నది, ఒళ్ళంతా కుష్ఠు పట్టింది, ఏడు రోజులు పాళెం వెలుపల కూచుంది."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది? అంతే."

"అంతే కాదు మామా. ఇంకో మాట ఉంది. చదవమంటే చదువుతా."

జయరావు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆగాడు. చదువు రాని మనిషికి తనకి తెలిసిన వాక్యంలో తెలియని ముక్క ఒకటుందంటే ఎలా ఉంటుందో రెబ్కాకి అప్పుడు కనిపించింది. ఆయన మొహం ఒక్క క్షణం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. వెంటనే గట్టిపడింది.

"బల్ల దగ్గరికి రావద్దన్న మనిషి నోట వాక్యం వినను" అన్నాడు.

ఆ మాట ఆ కాగితం కన్నా ఎక్కువ తగిలింది. రెబ్కా ఒళ్ళోని బైబిలు మూసి పక్కన పెట్టింది. ఏడుపొచ్చింది గాని ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక వీధి వైపు తిరిగింది. పొద్దున్నుంచి తిరుగుతానన్న మనిషి అప్పటికి తిరిగింది.

* * *

మినీ లారీ వచ్చి ఇంటి ఎదురుగానే ఆగింది. ముఠా ఎప్పుడు బయల్దేరినా ఆ వాకిట్లోంచే. ఆడవాళ్ళు మూటలతో, బిందెలతో, చుట్టిన పట్టాలతో ఒక్కొక్కరే వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మూటలు దింపి వాటి మీద కూర్చున్నారు. డ్రైవరు వెనక తలుపు దించాడు. ఎవరూ లేవలేదు.

పాస్టరు సువర్ణరాజు స్కూటరు దిగి నూనె సీసా మూత తీశాడు. "వందనాలు. ఎక్కండమ్మా, ప్రార్థన చేసుకుందాం."

"వందనాలు అయ్యగారూ" అన్నారు ఇరవై ఇద్దరూ, కూర్చునే.

"ఎక్కండి మరి."

"మేస్త్రి రాలేదు గదండీ" అంది రహమతున్నీసా. ఆమె ఆ గుడి మనిషి కాదు, పక్క వీధి మనిషి. పదేళ్ళుగా ఈ ముఠాలోనే కాయ కోస్తోంది. "మీ బల్ల సంగతులు నాకు తెలవదు అయ్యగారూ. మా మేస్త్రి లేకుండా లారీ ఎక్కటం మాత్రం నాకలవాటు లేదు."

"ఈసారికి ప్రసన్నకుమార్ మేస్త్రి."

ప్రసన్నకుమార్ బండి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "నాకు కాటా చూడటమే వచ్చు అయ్యగారూ" అన్నాడు. వసారాలో రెబ్కా చెవులు రిక్కించింది. తొమ్మిదేళ్ళకి ఒక జవాబు వచ్చింది ఆ నోట్లోంచి.

అందరికన్నా ముందు మూట మీద కూర్చుని ఉంది దీనమ్మ. అప్పుడర్థమైంది రెబ్కాకి, అత్త పొద్దున్నే కొంగు కప్పుకుని వెళ్ళింది ఎక్కడికో. గడప గడపకీ తిరిగింది ఆ మసక కన్నుతో.

పాస్టరు ఫోను మోగింది. అవతల రామకాంత్ గారు. రెండో కోత కాయ పండి రాలిపోతోందనీ, ముఠా ఎక్కడిదాకా వచ్చిందనీ ఆయన అడుగుతున్నది చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా వినపడుతోంది. "బయల్దేరుతున్నారండీ, ఐదు నిమిషాలు" అని పాస్టరు ఫోను పెట్టేసి వసారా ముందుకొచ్చాడు.

"అమ్మా రెబ్కా, నీ మీద నాకు కోపం లేదు. తప్పయిందని ఒక్క మాట అను. వీళ్ళ కూలి పోగొట్టకు."

"నేను రేపు సాయంత్రం దాకా పాళెం వెలుపల ఉన్నా అయ్యగారూ. వెలుపలున్నదాన్ని లారీలెట్టా కదిలిస్తా?"

"ఇదే సణుగుడు."

"మిర్యామునన్నారుగా నన్ను. సరే, మిర్యామునే. మీరు మోషే అన్నమాట. ఆమెకి జబ్బు చేసినప్పుడు మోషే ఏం చేశాడు? ఆమె తననే అన్నది గదా, అయినా బాగుచెయ్యి దేవా అని మొరపెట్టాడు." రెబ్కా చాప మీంచి ముందుకి జరిగింది. "ఈ ఆరు రోజుల్లో నాకోసం ఒక్కసారన్నా మొరపెట్టారా మీరు? మా అత్త కన్ను కోసం పెట్టారా?"

పాస్టరు సీసా మూత బిగించాడు. మళ్ళీ వదులు చేశాడు. "జయరావు గారూ, మీ ఇంటి మనిషికి మీరు చెప్పండి" అన్నాడు.

జయరావు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. వీధిని చూశాడు, మూట మీద కూర్చున్న పెళ్ళాన్ని చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఆయన మాటకి అడ్డం కూర్చోవడం అదే మొదటిసారి.

"అయ్యగారూ, ఆ ఏడు రోజుల తర్వాత ఏముంది?" అన్నాడు.

"ఏ ఏడు రోజులు?"

"మిర్యాము ఏడు రోజులు. తర్వాత ఇంకో మాట ఉందంట గదా. నాకు చదువు రాదు. మీరు చదివితే వింటా."

"ఇప్పుడెందుకండీ అది, లారీ…"

"చదవండి."

సంచిలోంచి బైబిలు తీయక తప్పలేదు. పాస్టరు నిలబడి సంఖ్యాకాండం పన్నెండో అధ్యాయం చదివాడు. కుష్ఠు దగ్గర గొంతు బాగానే లేచింది. ఏడు దినాల దగ్గర కూడా బాగానే ఉంది. చివరి ముక్క దగ్గరికొచ్చేసరికి తగ్గిపోయింది.

"వినపళ్ళా" అన్నాడు జయరావు.

ఇంకోసారి చదివాడు. మిర్యామును తిరిగి లోపలికి చేర్చుకునేదాకా జనం ముందుకి సాగలేదని ఉంది అక్కడ. మూటల మీద ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు తలలూపారు. దీనమ్మ కదల్లేదు.

"ఆ మాట మీకు ముందే తెలుసా?"

"తెలుసండీ. కానీ దాని సందర్భం…"

"ఆరు నెలలని ఎక్కడుంది?"

"అది సంఘ క్రమం. వాక్యంలో ఉండదు."

"నేను వాక్యమనుకుని వేశా వేలు" అన్నాడు జయరావు. బొటనవేలిని తువ్వాలుకేసి రుద్దాడు. లారీ ఇంజను ఒక్కటే మోగుతోంది.

ఈ ఆరు రోజులూ ఈ ఘడియ కోసమే కాసుక్కూర్చుంది రెబ్కా. ఇప్పుడు మామ 'లోపలికి రామ్మా' అంటాడు. తను వెంటనే వెళ్ళదు. రేపు సాయంత్రం దాకా ఆగి, తల ఎత్తుకుని వెళ్తుంది. సోమవారం ముఠా పర్చూరులో దిగుతుంది. ఇదంతా ఆమె చాప మీద పడుకుని లోపల్లోపల ఎన్నిసార్లు నడిపించుకుందో.

జయరావు గడప దాటి వసారాలోకొచ్చాడు. రామ్మా అనలేదు. భుజమ్మీది తువ్వాలు తీసి దులిపి, వసారా రెండో చివర నేల మీద పరిచి దాని మీద కూర్చున్నాడు.

"ఏం చేస్తన్నావ్ మామా?"

"తెలవని మాట మీద వేలేశా. నాకూ ఏడు రోజులు."

"నీకెవరేశారు శిక్ష?"

"నీకు ఏడని ఎవరేశారు? నువ్వు చదువుకున్నావ్, కూచున్నావ్. నేనిప్పుడే విన్నా, కూచున్నా." కాళ్ళు ముడుచుకున్నాడు. "రేపు నువ్వు లోపలికి పో. ముఠాని తీసుకుని ఏ ఊరన్నా పో. నేను రాను ఈసారి."

ఏటా గుడారాల దగ్గర కాపలా ఉండేది జయరావే. సామాను చూసేదీ, వండిన అన్నానికి కుక్కల్ని రాకుండా చూసేదీ, సాయంత్రం ప్రార్థన మొదలుపెట్టేదీ ఆయనే. ఆయన కూడా ఆ పాళెం మనిషే.

"మేస్త్రీ" అని పిలిచింది రహమతున్నీసా, వీధిలోంచి. అమాయకంగానే అడిగింది. "మరి ఈయన లోపలికొచ్చేదాకా కూడా ఆగాలా మనం?"

రెబ్కాకి రహమతున్నీసా మీద కోపమొచ్చింది. మామ మీద ఇంకా వచ్చింది. చివరికి గెలిచే వేళకి గెలవనివ్వలేదు ఈయన. తను అంత గట్టిగా పట్టుకున్న మాటని తెచ్చి తన మెడకే చుట్టాడు, అదీ తెలియకుండా, తువ్వాలు పరుచుకుని. ఆ మాట మిర్యాముకే గాని వేలిముద్ర వేసినవాళ్ళకి కాదని చెప్పాలనుకుంది. నోరు తెరిచింది కూడా.

దీనమ్మ మూట మీంచి లేచి లోపలికి వెళ్ళింది. గడప లోపల నిలబడి రెండు గ్లాసులు అందించింది, కోడలికొకటి, మొగుడికొకటి. కోడలి మొహంలోకి చూసింది.

ఒళ్ళో ఫోను మోగింది. జయదేవ్ గారు. పాస్టరు ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. డ్రైవరు కిందికి దిగి అందర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. రెబ్కా ఫోనెత్తింది.

"ఏమ్మా, సోమవారం పక్కానేనా? వేరేవాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు ఆయన.

రెబ్కా మామ చేతిని చూసింది. గ్లాసు పట్టుకున్న బొటనవేలికి ఊదారంగు గీత అలాగే ఉంది.

"సోమవారం కుదరదండీ" అంది, కోపంగానే. "మా మనిషి ఒకాయన ఇంకా బయటే ఉన్నాడు."

ఆమె ఫోను చెవికి ఆనించుకునే కూర్చుంది. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే మూటలు విప్పడం మొదలుపెట్టారు.